చేపల పరాన్నజీవి వ్యాధులు – గుర్తింపు, జీవితచక్రాన్ని అనుసరించిన చికిత్స

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని నేరేడుచర్ల, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరి సాగుకు ప్రసిద్ధి. ఇదే నీటితో నిండే చెరువులు మత్స్యకారులకు జీవనాధారం. 2016–17లో రాష్ట్ర ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పంపిణీని ప్రారంభించింది. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ ఇక్కడ ప్రధానంగా పెరిగే చేపలు. కాలువ నీరు ఆగి, చెరువు మట్టం తగ్గి, చేపల సాంద్రత పెరిగినప్పుడు పరాన్నజీవులు విజృంభిస్తాయి. అటువంటి సమయంలో వరికి తెచ్చిన పురుగుమందునే చెరువులో కలపడం ప్రమాదకరం. పరాన్నజీవి ఏదో, అది తన జీవితచక్రంలో ఏ దశలో మందుకు లొంగుతుందో తెలిసిన తరువాతనే చికిత్స నిర్ణయించాలి.

బాహ్య లక్షణాలు

చేపలు గట్టు రాళ్లకు, గడలకు ఒళ్లు రుద్దుకోవడం, నీటిపైకి ఎగరడం, మేత మానడం, శరీరంపై జిగురు పెరగడం దాదాపు అన్ని బాహ్య పరాన్నజీవుల వల్ల కనిపించేవే. కనుక వీటినిబట్టి వ్యాధిని నిర్ధారించలేము. చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోరు తెరిచి, ఎండెక్కిన తరువాత లోపలికి దిగిపోతే అది ఆక్సిజన్ లోపానికి సూచన. నీటిలో తగినంత ఆక్సిజన్ ఉన్నా మధ్యాహ్నం కూడా అదే స్థితి కొనసాగితే మొప్పలను పరీక్షించాలి.

పరీక్షా విధానం

పరీక్షకు బతికి ఉన్న, వ్యాధి లక్షణాలున్న చేపలను ఎన్నుకోవాలి. చేప చనిపోగానే అనేక పరాన్నజీవులు దానిని విడిచిపోతాయి లేదా నశిస్తాయి. రెక్కల వెనుక భాగంనుండి తల నుంచి తోక వైపుగా జిగురును గీకి, మొప్పల తంతువులు కొన్ని కత్తిరించి, అదే చెరువు నీటి చుక్కలో ఉంచి, 40 రెట్లు, ఆపై 100 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శినితో పరిశీలించాలి.

చేప పేను (ఆర్గ్యులస్) కంటికే కనిపిస్తుంది. బల్లపరుపుగా, పారదర్శకంగా ఉండి చర్మంపై జరుగుతూ రక్తం పీలుస్తుంది. అది కుట్టిన చోట ఎర్రని పుండు ఏర్పడి బ్యాక్టీరియాకు ప్రవేశమార్గమవుతుంది. లంగరు పురుగు (లెర్నియా) దారంలా వేలాడుతుంది. దాని తల భాగం కండరంలో పాతుకుని ఉంటుంది. వృత్తాకారపు పళ్ల చక్రంతో గిరగిర తిరిగే ట్రైకోడినా కనిపిస్తే నీటిలో సేంద్రియ వ్యర్థాలు ఎక్కువైనట్లు భావించాలి.

మొప్పల పురుగుల విషయంలో సూక్ష్మ భేదం చికిత్సనే మారుస్తుంది. డాక్టైలోగైరస్‌కు తలపై నాలుగు కంటిచుక్కలుంటాయి. ఇది గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లపై మందు పనిచేయదు. కనుక వాటినుండి వెలువడిన పిల్లలు తిరిగి గుడ్లు పెట్టకముందే, సుమారు వారం వ్యవధిలో, రెండవసారి చికిత్స చేయాలి. గైరోడాక్టైలస్‌కు కంటిచుక్కలుండవు. దాని శరీరంలో పెరుగుతున్న పిల్ల కనిపిస్తుంది. గుడ్ల దశ లేనందున ఒకే చికిత్స చాలవచ్చు.

తెల్లమచ్చల వ్యాధి

ఉప్పు గింజల్లాంటి మచ్చలకు కారణం ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణజీవి. గుర్రపునాడా ఆకారపు కేంద్రకం దాని గుర్తు. ఇది చేప చర్మం పైపొర కింద పెరుగుతుంది కనుక అక్కడికి మందు చేరదు. కాండంలో చేరిన కాండం తొలుచు పురుగుపై పిచికారీ పనిచేయని విధమే ఇదీ. పెరిగిన జీవి చేపను వదిలి, అడుగున కోశం కట్టుకుని, వందల పిల్లలుగా విభజన చెందుతుంది. ఈదుతూ కొత్త చేపను వెతికే ఆ పిల్లలే మందుకు లొంగే దశ. సుమారు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ చక్రం 3 నుండి 6 రోజుల్లో ముగుస్తుంది. నీరు చల్లబడేకొద్దీ వారాలకు సాగుతుంది. కనుక వెచ్చని నీటిలో రోజు విడిచి రోజు కనీసం మూడుసార్లు చికిత్స అవసరం. మచ్చలు రాలిపోగానే వ్యాధి తగ్గిందనుకోవడం పొరపాటు. పరాన్నజీవి సంతానోత్పత్తికి అడుగుకు చేరుతున్న సమయమది.

ఉప్పునీటి అక్వేరియం చేపల్లోనూ ఇటువంటి మచ్చలే కనిపిస్తాయి. అక్కడ కారణం క్రిప్టోకారియాన్ అనే వేరొక జీవి. మంచినీటి చేపకు ఉప్పు మందైతే, సముద్ర చేపకు నీటి లవణీయతను తగ్గించడమే ఒక చికిత్స. రాగి లవణాలు కూడా వాడతారు గాని, అవి అదే తొట్టెలోని రొయ్యలకు, పగడాలకు ప్రాణాంతకం. ఒకే లక్షణానికి రెండు విరుద్ధ చికిత్సలుండటం నిర్ధారణ విలువను చాటుతుంది.

మోతాదు, పరిమితులు

నర్సరీ తొట్టెలో 1,000 లీటర్ల నీటికి 3 కిలోల ఉప్పు సులభసాధ్యం. అదే మోతాదును ఎకరం విస్తీర్ణం, ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న చెరువుకు లెక్కిస్తే నీరు సుమారు 6,070 ఘనపు మీటర్లు, ఉప్పు 18 టన్నులకు పైగా అవసరమవుతుంది. ఇది ఆచరణసాధ్యం కాదు. కనుక ఉప్పు చికిత్స చేపపిల్లలను చెరువులో వదలకముందే జరగాలి. 2 నుండి 3 శాతం ఉప్పు ద్రావణంలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, చేపలు తూలగానే తీసివేయాలి.

ఏకకణజీవులకు, మొప్పల పురుగులకు చెరువులో 15 నుండి 25 పీపీఎం ఫార్మలిన్ వాడతారు. అయితే ప్రతి 5 పీపీఎం ఫార్మలిన్ సుమారు 1 పీపీఎం ఆక్సిజన్‌ను హరిస్తుంది. నీరు చిక్కని ఆకుపచ్చగా ఉన్నప్పుడు, ఏరేటర్ లేనప్పుడు దీని వాడకం ముప్పే. ఆహారపు చేపల్లో మలాకైట్ గ్రీన్ నిషిద్ధం.

చేప పేను క్రస్టేషియన్ జాతి జీవి. బొచ్చెకు ప్రధాన ఆహారమైన జంతు ప్లవకాల్లో అధికభాగం ఆ వర్గానివే. డెల్టామెథ్రిన్, సైపర్‌మెథ్రిన్ వంటి పురుగుమందులు పేనుతోపాటు ఆ ఆహారాన్నీ నశింపజేస్తాయి. మోతాదు కొద్దిగా మించితే చేపలూ చనిపోతాయి. పైగా గుడ్లు మిగిలిపోతాయి గనుక పేను మళ్లీ వస్తుంది. ఆడ పేను చేపను వదిలి రాళ్లు, గడలు వంటి గట్టి వస్తువులపై గుడ్లు పెడుతుంది. వెచ్చని నీటిలో అవి పొదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి చెరువులో అక్కడక్కడ వెదురు గడలు నాటి, వారానికొకసారి తీసి ఎండలో బాగా ఆరబెట్టి తిరిగి నాటితే గుడ్లు పొదగకముందే నశిస్తాయి. ఇది ఖర్చు తక్కువ, అవశేషాలు లేని పద్ధతి.

మొప్పలపై తెల్లని బుడిపెలు కలిగించే మిక్సోస్పోరియన్లకు చెరువులో వాడదగిన నమ్మకమైన మందు లేదు. నివారణే మార్గం.

నివారణ

కొత్త పిల్లలను విడిగా ఉంచి, పరీక్షించి వదలాలి. ఒక చెరువులో వాడిన వలను ఎండబెట్టకుండా మరొక చెరువులో వేయరాదు. వేసవిలో కాలువ మూసిన కాలం ఈ ఆయకట్టుకు లభించే మంచి అవకాశం. వీలున్నచోట మిగిలిన చేపలను పూర్తిగా పట్టి, అడుగు బీటలు వారేవరకు ఎండబెట్టి, మట్టి ఉదజని సూచికనుబట్టి సున్నం చల్లాలి. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, పాలేరు మత్స్య పరిశోధన కేంద్రం ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి. విస్తరణ శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినిని చెరువు గట్టుకే తీసుకువెళ్లి, మొప్పలోని పురుగును రైతుకు చూపగలిగితే అనవసరపు మందుల వాడకం గణనీయంగా తగ్గుతుంది.