ఒక్క అక్షరం.. ఐఫోన్లకు చుక్కలు చూపించింది! ఓపెన్ సోర్స్ యాప్‌ను అన్ని సిస్టమ్‌లలో ఎందుకు టెస్ట్ చేయాలంటే..

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. 'జ్ఞా' అనే అక్షరం ఉన్న ఒక మెసేజ్ వస్తే చాలు.. ఐఫోన్‌లో ఆ యాప్ మూతపడిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత! నోటిఫికేషన్‌లో వస్తే ఒక్కోసారి ఫోన్ తెర మొత్తం మొరాయించేది. అదే మెసేజ్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూస్తే మాత్రం ఏమీ కాలేదు.

యాప్ అదే, అక్షరం అదే. మారింది ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే. ఒక చోట బాగా పనిచేసిన సాఫ్ట్‌వేర్ ఇంకో చోట కూడా పనిచేస్తుందని ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అసలేం జరిగింది?

'జ్ఞానం' అని మామూలుగా టైప్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. 'జ్ఞ'కు, దాని దీర్ఘానికి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు చేరినప్పుడే సమస్య వచ్చింది. దాని పేరు 'జీరో విడ్త్ నాన్ జాయినర్'. పక్క అక్షరంతో కలవొద్దని కంప్యూటర్‌కు చెప్పడమే దీని పని. మనకు ఇది రోజూ కావాలి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' విడిగా నిలబడేది దీనివల్లే. ఇది లేకపోతే 'సాఫ్ట్వేర్' అని వత్తు పడిపోతుంది.

యాపిల్ సిస్టమ్‌లో అక్షరాలను తెరపై పేర్చే భాగం పేరు 'కోర్ టెక్స్ట్'. ఆ వరుస వచ్చినప్పుడు అది తడబడి మెమరీ దెబ్బతినేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలు బయటపడ్డాయి. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ దీన్ని సరిచేసింది. మ్యాక్, వాచ్, టీవీలకూ అప్‌డేట్లు ఇచ్చింది.

ఆ భాగం కోడ్ బయటివాళ్ల చేతిలో ఉండదు కాబట్టి, కంపెనీ సరిచేసేదాకా ఆగడం తప్ప వేరే దారి లేదు. ఓపెన్ సోర్స్‌లో అలా కాదు. కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, తప్పు దొరికితే సరిదిద్ది పంపొచ్చు. అయితే చూసే వీలుండటం వేరు, నిజంగా ఎవరో ఒకరు చూడటం వేరు. తెలుగులో టెస్ట్ చేసేవాళ్లు లేకపోతే ఓపెన్ సోర్స్ యాప్‌లోనూ తప్పులు అలాగే ఉండిపోతాయి.

మన ఊళ్ల పేర్లతోనే చూద్దాం

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల లెక్కలు రాసుకోవడానికి ఒక ఓపెన్ సోర్స్ యాప్ తయారు చేశారనుకుందాం. విండోస్, లినక్స్, మ్యాక్.. మూడింటిలోనూ నడవాలి.

'కొల్లేరు' మన కంటికి మూడే అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం ఎనిమిది కోడ్‌లు. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 24 బైట్లు. ఊరి పేరుకు 20 బైట్లు చాలనుకుని ప్రోగ్రామ్ రాస్తే, 'కొల్లే' దాకా వచ్చి ఆ తర్వాత పిచ్చి గుర్తు కనిపిస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్ట్ చేసినవాళ్లకు ఈ తప్పు కనిపించదు.

ఇక 'కైకలూరు' సంగతి ఇంకా చిత్రం. 'కై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగానైనా, రెండు ముక్కలుగానైనా. చూడ్డానికి రెండూ ఒక్కటే. 2017 దాకా మ్యాక్‌లలో వాడిన పాత డిస్క్ పద్ధతి ఫైల్ పేర్లలో దీన్ని రెండు ముక్కలు చేసి దాచేది. లినక్స్ మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుతుంది. పాత మ్యాక్ నుంచి వచ్చిన 'కైకలూరు' ఫైల్ లినక్స్‌లో కళ్లెదుటే ఉంటుంది. వెతికితే మాత్రం 'లేదు' అని రావచ్చు. రైతుకు కావాల్సిన లెక్క అందులోనే ఉంటే?

ఇవి కాక మామూలు చిక్కులూ ఉన్నాయి. ఇంగ్లిష్ పెద్ద అక్షరంతో ఒకటి, చిన్న అక్షరంతో ఒకటి ఫైల్ పేర్లు పెడితే లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. విండోస్‌కు మామూలుగా రెండూ ఒకటే. అలాగే యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పకపోతే కొన్ని ప్రోగ్రామ్‌లు విండోస్‌లో పాత పద్ధతిలో ఫైల్ తెరుస్తాయి. అప్పుడు తెలుగు జాబితా అంతా గజిబిజే.

మరి టెస్టింగ్ ఎలా చేస్తారు?

కోడ్‌లో చిన్న మార్పు చేసిన ప్రతిసారీ మూడు సిస్టమ్‌లలోనూ టెస్ట్‌లు వాటంతటవే నడిచేలా ఏర్పాటు చేస్తారు. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన ప్రాజెక్టులకు విండోస్, లినక్స్, మ్యాక్ మెషీన్లు ఉచితంగానే దొరుకుతాయి. అంటే మ్యాక్ కొనలేని విద్యార్థి కూడా తన ప్రోగ్రామ్‌ను మ్యాక్‌లో నడిపి చూసుకోవచ్చు.

ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అక్షరాలను పేర్చే ఓపెన్ సోర్స్ ఇంజిన్ 'హార్ఫ్‌బజ్'. వికీపీడియా నుంచి తీసుకున్న పదాలను దీనితోనూ, మైక్రోసాఫ్ట్ ఇంజిన్‌తోనూ నడిపి, ఎక్కడ తేడా వస్తోందో లెక్కగట్టారు. ఒక్క తెలుగులోనే సుమారు 9.7 లక్షల పరీక్షలు! తేడా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువకు దిగాయి. మనం ఫోన్‌లో తెలుగు ఇంత హాయిగా చదువుతున్నామంటే దాని వెనక ఇలాంటి పని ఉంది.

లిబ్రే ఆఫీస్‌దీ ఇదే కథ. ఒకప్పుడు విండోస్‌లో ఒక ఇంజిన్, మ్యాక్‌లో ఇంకొకటి, లినక్స్‌లో మరొకటి వాడేది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్నింటికీ హార్ఫ్‌బజ్‌నే పెట్టారు. అయినా ఫాంట్ మారితే లైన్లు, పేజీలు మారతాయి. విండోస్‌లోని 'గౌతమి' ఫాంట్ లినక్స్‌లో ఉండదు. అందుకే ఎక్కడైనా వేసుకోగలిగే నోటో, మండలి లాంటి ఓపెన్ ఫాంట్‌లతో టెస్ట్ చేయడం మేలు.

మెషీన్ చూడలేనిది..

ఎన్ని టెస్ట్‌లు పాసైనా, వత్తు సరైన చోట పడిందా, చదవడానికి బాగుందా అన్నది తెలుగు చదవడం వచ్చినవాళ్లే చెప్పాలి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది. ఏలూరులోనూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. కోడ్, తెలుగు రెండూ తెలిసిన విద్యార్థులు ఇక్కడే ఉన్నారు. కోడ్ రాకపోయినా ఫర్వాలేదు, ఈ పని ఎవరైనా చేయొచ్చు.

మీరు వాడే ఓపెన్ సోర్స్ యాప్‌లో ఇలా చూడండి:

* కొల్లేరు, కైకలూరు, తాడేపల్లిగూడెం, జ్ఞానం, రాష్ట్రం, సాఫ్ట్‌వేర్.. ఈ మాటలు టైప్ చేయండి.
* వెతకండి, ఒక్కో అక్షరం చెరపండి, అక్షర క్రమంలో పెట్టండి, పీడీఎఫ్ తీయండి.
* ఒక సిస్టమ్‌లో సేవ్ చేసి ఇంకో సిస్టమ్‌లో తెరవండి.
* తేడా కనిపిస్తే ప్రాజెక్టు వాళ్లకు రాయండి. సిస్టమ్ వెర్షన్, యాప్ వెర్షన్, ఫాంట్ పేరు, స్క్రీన్‌షాట్ ఇవ్వండి. ఫొటో ఒక్కటే చాలదు, ఆ తెలుగు మాటను కూడా కాపీ చేసి పెట్టండి. కనిపించని గుర్తులు ఫొటోలో రావు.

మీరు పంపిన ఆ ఒక్క మాటను టెస్ట్‌ల జాబితాలో చేర్చారంటే.. తర్వాత ఎవరు కోడ్ మార్చినా, ఆ తెలుగు మాట సరిగ్గా వస్తోందో లేదో ముందే తెలిసిపోతుంది.