వరద తీశాక ముందు ఏం అడగాలి?

గోదావరికి పెద్ద వరద వచ్చిందంటే దాని పాయ గౌతమి ఒడ్డున ఉన్న యానాంకి కంటిమీద కునుకుండదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వచ్చి, యానాంలో పల్లపు కాలనీలు ముంపులో పడ్డాయి. వరదకు తోడు తుపాన్లు. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరాన్ని దాటిన తుపాను కోనసీమ, యానాం ప్రాంతాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇలాంటి ప్రతి విపత్తు తర్వాతా సాయం వస్తుంది. భోజనం పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, దుప్పట్లు, మందుల పెట్టెలు వస్తాయి. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. కానీ ఎవరికి ఏది కావాలో తెలియకుండా ఇస్తే మంచి మనసు కూడా వృథా అవుతుంది. 1988లో ఆర్మేనియాలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి చేరాయి. అందులో ఏముందో తేల్చడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది. సులువుగా గుర్తించగలిగినవి 30 శాతమే. అందుకే విపత్తు తర్వాత ఆరోగ్య అవసరాల అంచనా కాగితాల పని కాదు. అది కూడా వైద్యమే.

ఏ ఇంటిని అడగాలి?

యానాం పరిధిలోని ఫరంపేటనే తీసుకుందాం. అధికారుల బృందం వచ్చి, రోడ్డు పక్కన నిలబడ్డ నలుగురితో మాట్లాడి వెళ్లిపోతే ఏం తెలుస్తుంది? రోడ్డు దాకా నడిచి రాగలిగినవాళ్ల కష్టమే తెలుస్తుంది. మంచం దిగలేని ముసలమ్మ, బాలింత, బురద దాటి రాలేని చివరి వీధివాళ్లు ఆ లెక్కలోకి రారు.

అలాగని ఒక్క రోజులో ప్రతి ఇంటి తలుపూ తట్టలేం. దీనికి ఆరోగ్య శాఖలు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. మునిగిన ప్రాంతాన్ని భాగాలుగా విడదీసి, చీటీలు తీసినట్టు 30 భాగాలు ఎంచుతారు. ఎక్కువ ఇళ్లున్న భాగానికి ఎంపికయ్యే అవకాశం ఎక్కువ ఉండేలా చూస్తారు. ఒక్కో భాగంలో ఏడు ఇళ్లు, మొత్తం 210. పిల్లల టీకాలు ఎంతమందికి అందాయో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాప్తిలోకి తెచ్చిన ఈ లెక్కనే తర్వాత విపత్తులకూ వాడుతున్నారు. ఇద్దరిద్దరు చొప్పున బృందాలు కదిలితే రెండు మూడు రోజుల్లో పని పూర్తవుతుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఊరు అలా సమంగా ఉడకదు. మెరక వీధి కష్టం వేరు, పల్లం వీధి కష్టం వేరు. అందుకే ఇల్లు ఎంచే పని ఊరి పెద్దకో, బృందం సౌకర్యానికో వదలకూడదు. తాళం వేసి ఉంటే మళ్లీ వెళ్లాలి. ఆ ఇంటివాళ్లు పునరావాస కేంద్రంలో ఉంటే అక్కడికే వెళ్లి అడగాలి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ‘నూటికి ఎన్ని ఇళ్లకు తాగునీరు లేదు’ అన్నదానికి 210 ఇళ్లు మంచి జవాబే ఇస్తాయి. డయాలిసిస్‌కు వెళ్లాల్సిన మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో మాత్రం చెప్పలేవు. అలాంటివాళ్లకు పేర్ల జాబితా కావాలి.

ఏం అడగాలి?

మొదటి ప్రశ్న నీళ్లదే. తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు ఉండాలని అంతర్జాతీయ సహాయ ప్రమాణాలు చెబుతున్నాయి. నీళ్లు ఉంటే చాలదు, క్లోరిన్ కూడా మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర బ్లీచింగ్ కలిపాం కదా అని వదిలేయకుండా, చివరి కుళాయి దగ్గర పరీక్షించాలి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు కనబడాలి. పైపు మధ్యలో పగిలి మురుగు కలిసిందేమో బయటపడేది అక్కడే.

తర్వాత మరుగుదొడ్డి వాడుకునేలా ఉందా, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, జ్వరం, గాయాలు ఉన్నాయా, పాము కరిచిందా అని అడగాలి. ఎక్కువమంది మరిచిపోయేది రోజూ వేసుకునే మందుల సంగతి. బీపీ, షుగర్, టీబీ, మూర్ఛ మందులు వరదలో కొట్టుకుపోతే, ఇల్లు మునగడం కంటే పెద్ద ప్రమాదం కావచ్చు. ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ పనిచేస్తోందా? నెలలు నిండినవాళ్లు ఎక్కడున్నారు? రాత్రి నిద్ర పడుతోందా? చివరి ప్రశ్నను చిన్నదిగా చూడకూడదు. పడవ, వల, ఇల్లు ఒక్కసారే పోగొట్టుకున్న మనిషికి మాట సాయం కూడా చికిత్సే.

ఒక్కసారి అడిగితే సరిపోదు

రోగాలు ఒక్కొక్కటి ఒక్కో గడువు పెట్టుకుని వస్తాయి. కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. వరద నీటిలో ఎలుకల మూత్రం కలిసి వచ్చే లెప్టోస్పైరోసిస్ సాధారణంగా ఒకటి రెండు వారాలకు కనిపిస్తుంది. నిలిచిన నీటిలో దోమలు పెరిగి డెంగీ ముదరడానికి కొన్ని వారాలు పడుతుంది. కలుషిత నీటితో వచ్చే కామెర్లకు నెలా నెలన్నర కూడా పట్టవచ్చు. శిబిరాలు ఎత్తేసి, కెమెరాలు వెళ్లిపోయాక కూడా ముప్పు మిగిలే ఉంటుంది. కాబట్టి మొదటి మూడు రోజుల్లో ఒకసారి, రెండో వారంలో ఒకసారి, నెల దాటాక మరోసారి అడగాలి. మధ్యలో ఆస్పత్రి ఓపీ పుస్తకంలో జ్వరాలు, విరేచనాల సంఖ్య రోజూ చూస్తుండాలి.

యానాంలో ఈ పనికి ఇంకో చిక్కుంది. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. జబ్బు ముదిరినవాళ్లు దగ్గరని కాకినాడకు వెళ్తే వాళ్ల పేరు అక్కడి పుస్తకంలో ఎక్కుతుంది. ఒకే నీటితో వచ్చిన పది కేసులు రెండు చోట్ల అయిదేసిగా కనిపిస్తే, రెండు వైపులా గంట మోగదు. వరదకు సరిహద్దు లేదు. వరద రోజుల్లోనైనా రెండు ఆరోగ్య శాఖలూ రోజువారీ లెక్కలు పంచుకోవాలి.

మేలు చేసే సంగతీ ఒకటుంది. గోదావరి వరద చెప్పి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. వానాకాలానికి ముందే ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ కార్యకర్త కలిసి గర్భిణులు, మంచం పట్టినవాళ్లు, రోజూ మందు తప్పనివాళ్ల జాబితా రాసి పెట్టుకుంటే, మొదటి హెచ్చరిక నాటికే ఎవరిని ముందు తరలించాలో, ఏ మందు ఎంత కావాలో తెలిసిపోతుంది.

అడిగి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చి ఏం తేలిందో, ఏం చేస్తున్నారో ఆ వీధిలోనే చెప్పాలి. అప్పుడే రెండోసారి తలుపు తట్టినప్పుడు జనం మనసు విప్పి నిజం చెబుతారు. ఆ నిజం మీదే రేపటి మందు, రేపటి నీళ్ల ట్యాంకరు ఎటు వెళ్లాలన్నది ఆధారపడి ఉంది.