వెండితెర ‘మాయాబజార్’ – వేదికపై కొఱతలు

పేరుపొందిన చలనచిత్రమును పాటలతో సహా రంగస్థలముపైకి తెచ్చుట మన బాలబాలికలకు ప్రీతికరమైన వేడుక. అట్టి సందర్భమున ‘మాయాబజార్’ను తలపనివారు అరుదు. 1957లో విడుదలయైన ఈ చిత్రమును విజయా సంస్థవారు ఈ నగరముననే నిర్మించిరి. కావున చెన్నపురి తెలుగువారికి అది ఇంటిపంట వంటిది. అంతటి చిత్రము వేదిక నెక్కినపుడు ఏల వెలవెలబోవుచున్నదో విచారింపగోరుచున్నాము.

మొదటి కొఱత కెమెరాను అనుకరింపబూనుట. నౌకావిహారమందలి వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ దీపములతో కల్పించినది. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డులు ఎగిరివచ్చుట కెమెరా చమత్కారము. అట్టపడవకు చక్రములమర్చి వేదికపై లాగినచో ప్రేక్షకులకు చక్రములే కనబడును.

రెండవది అభినయమునకు సంబంధించినది. మాయాశశిరేఖలో ఘటోత్కచుడు దాగియున్నాడని సావిత్రి చూపుతోడనే తెలియజేసినది. ఆ చూపును కెమెరా మనకు దగ్గఱ చేసినది. కడపటి వరుసలోని వానికి కన్నులు కనబడవు. వేదికపై ఆ పనిని నడకయు, కంఠమును నెరవేర్పవలెను.

ఆ కంఠమే లేకుండుట మూడవ కొఱత, అన్నిటికంటె పెద్దది. పాటను యంత్రము పాడును, పిల్లలు పెదవులు కదుపుదురు. ఘంటసాల, సుశీలల గానము మధురమే. కాని అది వారి సాధన ఫలము.

నిజమునకు ఈ కథ చిత్రమునకు పూర్వమే నాటకముగా ప్రసిద్ధము. 1885లో కడప మండలమున పుట్టిన సురభి నాటక సమాజమువారి ‘మాయాబజార్’లో నటులు తామే పద్యములు పాడుదురు, తెరలతో, తీగలతో మాయలు చూపుదురు. 1960నాటి ‘మొఘల్-ఎ-ఆజమ్’ చిత్రమును 2016లో ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ సంగీతనాటకముగా మలచినపుడును అనార్కలి పాత్రధారిణి వేదికపై స్వయముగా పాడినది.

రాయపురమున మన పిల్లలకు వీథిలో వినవచ్చునది తమిళము. నలుగురి యెదుట గొంతెత్తి తెలుగు పలుకు అవకాశము వారికి తఱచుగా దొరకదు. దొరికిన నాడును పెదవులు మాత్రమే కదిపినచో, ఒక్క తెలుగు మాటయు నోట నిలువకయే వేషము విప్పుదురు. పాటలు పది యుండనక్కఱలేదు. హార్మోనియము ప్రక్కన రెండు పద్యములు, నాలుగు సంభాషణలు చాలును. శ్రుతి కొంత తప్పినను తప్పుగాక. పిల్లల చేతనే పాడింపుడని తలిదండ్రులను, ఉపాధ్యాయులను కోరుచున్నాము.