చెయ్యందని చోట చెంచాడు గ్రీజు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు పెద్దలు. ఎద్దుబండి ఇరుసు ఎండిపోతే ఆ సంగతి ఊరి పొలిమేర దాకా తెలిసిపోతుంది. బండి పక్కన వేలాడే వెదురు గొట్టంలో ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపిన నల్లటి కందెన ఉండేది. చక్రం కాస్త ఇవతలికి లాగి, ఇరుసుకు ఇంత పూసి, మళ్లీ సీల దిగ్గొడితే కచేరీ ముగిసేది. కారు కింద కూడా కందెన అడిగే కీళ్లున్నాయి. చిక్కేమిటంటే అవి ఆకలేసినప్పుడు పాడవు. అవి శబ్దం చేసేసరికి చేయిదాటిపోయి ఉంటుంది.

ఎద్దుబండి ఇరుసునూ మోటారు కీలునూ ఒకే తరంలో చూసినవాళ్లు కోయంబత్తూరు తెలుగువాళ్లు. వాళ్లు అక్కడికి చేరిన కథ పాతది: మదురైలో నాయకుల ఏలుబడి 1529లో మొదలైంది. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడి నల్లరేగడిలో పత్తి పండించాయి, తరవాత మిల్లులు పెట్టాయి, ఇంట్లో తెలుగు నిలుపుకున్నాయి. అలాంటి ఇంట్లోనే కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టాడు జి.డి. నాయుడు. ఒక దొర నడిపే రడ్జ్ మోటారుసైకిలు మీద మనసుపడి, హోటల్లో సర్వరుగా చేరి, డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నాడు. కొన్నాక చేసిన పని దాన్ని ముక్కముక్కలుగా విప్పి మళ్లీ బిగించడం. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. ఆ వ్యాపారం పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. పేరు కలవడం కాకతాళీయమే కానీ, మోటారు బస్సుల పొట్ట కింద తిరిగే కీలు పేరు కూడా యూనివర్సలే: యూనివర్సల్ జాయింట్.

దాని అవసరం తేలిగ్గానే అర్థమవుతుంది. ఇంజను చట్రానికి బిగించి ఉంటుంది. వెనక ఇరుసు గుంతల్లో స్ప్రింగుల మీద ఎగిరిపడుతుంటుంది. ఈ రెంటినీ కలిపే షాఫ్ట్ వంగాలి, వంగుతూనే తిరగాలి. అందుకని రెండు కవల కొమ్మల్లాంటి యోకుల మధ్య కూడిక గుర్తు ఆకారంలో ఒక ఉక్కు ముక్క పెడతారు. షెడ్డుల్లో దాన్ని క్రాసు అంటారు. దాని నాలుగు చేతులకూ నాలుగు టోపీల్లాంటి కప్పులు, ఒక్కో కప్పులో సూదుల్లా సన్నటి రోలర్ల వరస. మన మణికట్టు లాంటిదే, కాకపోతే గిరగిరా తిరిగే మణికట్టు.

ఈ కీలుకు పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు ఒకటి అంటుకుంది. దాన్ని పనిలో పెట్టి, లెక్క తేల్చి 1676లో అచ్చులో వివరించినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. ఆయనకు కార్లు తెలియవు, ఆయన ధ్యాస సూర్యుడి మీద. వంగిన కీలు ద్వారా తిరిగే రెండో షాఫ్ట్ ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు పరుగెత్తి రెండుసార్లు నెమ్మదిస్తుంది. నీడ గడియారం మీద గంటల గీతలు కూడా సమాన దూరంలో ఉండవు. ఈ రెండు హెచ్చుతగ్గులకూ లెక్క ఒక్కటేనని హుక్ పట్టుకున్నాడు, కీలును నీడ గీతలు గీసే పనిముట్టుగా వాడొచ్చని చూపించాడు.

నీడ గడియారానికి గుణమైనది కారుకు దోషమైంది. కీలు 10 డిగ్రీలు వంగితే వేగం దాదాపు ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఊగుతుంది. 30 డిగ్రీలు వంగితే ఆ ఊపు ఒకవైపు 13 శాతం, మరోవైపు 15 శాతం దాటుతుంది. షాఫ్ట్ రెండు కొసల్లోనూ సమానంగా వంగిన కీళ్లు పెట్టి, యోకులు ఒకే వరసలో ఉండేలా చూస్తే ఒకదాని తప్పును రెండోది దిద్దుతుంది. అమెరికాలో విద్యార్థిగా ఉండగానే మోటారు బండి తయారీకి దిగిన క్లారెన్స్ స్పైసర్, గొలుసుతో నడిచే కార్ల గోల చూసి, 1903లో ఈ కీలును కార్లకు తగినట్టు మలిచి పేటెంటు పొందాడు. మరుసటేడు తయారీకి దిగాడు. కార్ల అడుగున గొలుసులు పోయి షాఫ్టులు వచ్చాయి.

ఇరుసుకూ క్రాసుకూ తేడా ఇక్కడే. బండి చక్రం ఇరుసు మీద పూర్తి చుట్టు తిరుగుతుంది, వేసిన కందెనను తానే చుట్టూ పులుముకుంటుంది. క్రాసు చేతి మీద కప్పు పూర్తిగా తిరగదు. కీలు 5 డిగ్రీలు వంగి ఉంటే అటు 5, ఇటు 5 డిగ్రీలు ఊగుతుంది, అంతే. సూది రోలరు ఒకే చోట ముందుకీ వెనక్కీ కదులుతూ తన కింది గ్రీజును పక్కలకు తోసేస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం పక్క కీలులో ఈ ఊపు నిమిషానికి 800 సార్లకు పైనే. గ్రీజు లేని చోట ఉక్కు ఉక్కును రాసుకుని ఎర్రటి పొడి రాలుతుంది. ఆ పొడి మళ్లీ ఉక్కునే గీరుతుంది. పాడైన క్రాసును విప్పి దాని చేతిని గోటితో తడిమితే సూదులు పడిన చోట్ల వరసగా గాళ్లు తగులుతాయి. అప్పటికి గేరు వేసినప్పుడల్లా అడుగున టక్‌మని వినిపిస్తూ ఉంటుంది.

1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారు ఈ బాధను రెట్టింపు చేసింది. అందులో వెనక చక్రాలు రెండూ దేనికదే ఎగిరిపడతాయి. కాబట్టి ఒక్కో పక్క షాఫ్టుకు రెండేసి క్రాసులు. ఆ షాఫ్టే చక్రాన్ని నిలబెట్టే పై చెయ్యి కూడా. బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాక లోపల, చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌ను ఆనుకుని ఉంటాయి. అంటే లోపలి క్రాసు ఒక ఉక్కు పంజరంలో, బ్రేకు వేడి పక్కన కాపురం చేస్తుంది. గ్రీజు ఎక్కువగా అడిగేదీ అదే, చెయ్యి అందనిదీ అదే.

అక్కడిదాకా గ్రీజు చేర్చేది ఆస్ట్రియాలో పుట్టిన ఆస్కార్ జెర్క్ రూపొందించిన నిపుల్. దానికి పేటెంటు 1929లో వచ్చింది. బఠాణీ గింజంత తల, లోపల స్ప్రింగు మీద చిన్న గోళీ. గ్రీజు గన్ను ఒత్తిడికి గోళీ లోపలికి తగ్గి గ్రీజును పోనిస్తుంది, ఒత్తిడి తీయగానే తలుపేస్తుంది. లోపలికి వెళ్లే గ్రీజు కూడా కందెనకు చుట్టమే. ఆముదం జారిపోకుండా మసి పట్టి ఉంచినట్టే, గ్రీజులో నూనెను ఒక రకం సబ్బు స్పాంజిలా పట్టి ఉంచుతుంది. నీటికీ వేడికీ బాగా ఓర్చుకునే లిథియం సబ్బు గ్రీజుకు 1942లో పేటెంటు వచ్చింది.

ఈ శ్రమ తప్పించే దారి కూడా దొరికింది. 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా ఆరు గుండ్లతో వేగం ఊగని కీలు చేశాడు. 1959లో మినీ కారు దాన్ని లక్షల బండ్లకు చేర్చింది. 1983లో మన రోడ్డెక్కిన మారుతి 800లో ముందు చక్రాల దగ్గర ఉన్నది ఆ జాతి కీలే. ఈ కొత్త కీలుకు నిపుల్ ఉండదు. ఫ్యాక్టరీలో నింపిన గ్రీజును రబ్బరు బూటు కాపాడుతుంది. బూటు చిరిగితే గ్రీజు పోతుంది, ఇసుక చేరుతుంది, మలుపులో కటకటమంటుంది, కొత్తది వేయాల్సిందే. మనిషికి పని తగ్గింది, దాంతోపాటు లోపలేం జరుగుతోందో తెలుసుకునే కిటికీ కూడా మూసుకుపోయింది.

పాత కారులో ఆ కిటికీ ఇంకా తెరిచే ఉంది. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియానికి వెళితే మెరిసే బానెట్ల దగ్గరే ఆగిపోకుండా ఒకసారి నడుం వంచి అడుగున చూడండి. ఈ-టైప్ లాంటి కారుకు గ్రీజు పెట్టే పని ఎలా ఉంటుందంటే: జాకీని నమ్మకుండా స్టాండ్ల మీద కారు ఎత్తాలి. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పంజరం సందులో నిపుల్ తల కనిపించేదాకా చూడాలి. ముందు దాని మట్టి తుడవాలి, లేకపోతే ఆ మట్టే లోపలికి పోతుంది. నిటారు గన్ను పట్టదు, వంగే గొట్టం కావాలి. మీట మెల్లగా నొక్కాలి, తొందరపడితే సీళ్లు చిరుగుతాయి.

నిపుల్ ఒక్కటే, కప్పులు నాలుగు. గ్రీజు సులువైన దారి చూసుకుని పోతుంది. మొదటి కప్పు అంచున నల్లటి పాత గ్రీజు, వెనకే తేనెరంగు కొత్తది కనిపిస్తాయి. తరవాత రెండోది, మూడోది. పనిమంతుడు అక్కడ గన్ను దించడు. చక్రాన్ని పావు చుట్టు తిప్పి, షాఫ్టును కాస్త ఊపి, మళ్లీ మీట మీద చెయ్యి వేస్తాడు. అతని చూపంతా ఇంకా పొడిగా ఉన్న ఆ నాలుగో కప్పు మీదే.