లాప్‌టాప్ హార్డు డిస్కు మార్పిడి

లాప్‌టాప్ హార్డు డిస్కు మార్పిడి అనగా పాడైపోయిన హార్డు డిస్కును తీసివేసి, దాని స్థానంలో కొత్తదానిని అమర్చి, నిర్వహణ వ్యవస్థను, అంటే ఆపరేటింగు సిస్టమును, తిరిగి స్థాపించడం. స్క్రూడ్రైవరు పట్టడం తెలిసినవారికి డిస్కు మార్చడం అరగంట పని. వ్యవస్థ స్థాపనకు మరొక గంటో రెండు గంటలో పడుతుంది. డిస్కు బజారులో దొరుకుతుంది గాని, అందులోని వ్రాతలు, ఫోటోలు ఎక్కడా దొరకవు. అందువలన పాత డిస్కు కొద్దిగానైనా పనిచేస్తూ ఉంటే ముందు సమాచారాన్ని బయటికి తీయాలి, తరువాతనే మిగిలిన పనులు.

డిస్కు ఎందుకు పాడవుతుంది

1956లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన మొదటి హార్డు డిస్కులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళాలు ఉండేవి. వాటన్నిటిలో కలిపి పట్టినవి సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. లాప్‌టాప్‌లలో వాడేది 2.5 అంగుళాల రకం. దానిలోని పళ్ళెం వ్యాసం సుమారు 65 మిల్లీమీటర్లు. నిమిషానికి 5400 చుట్లు, అనగా సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే పళ్ళెం అంచు వేగం గంటకు 66 కిలోమీటర్లు, దాదాపు రహదారి మీద వెళ్ళే బస్సు వేగం. ఆ వేగంతో తిరిగే పళ్ళెంపై కొద్ది నానోమీటర్ల ఎత్తులో, తాకకుండా, చదివే తల తేలుతూ ఉంటుంది. నడుస్తున్న లాప్‌టాప్‌ను కుదిపినా, జారవిడిచినా తల పళ్ళేన్ని గీరే ప్రమాదం ఉంది.

టక్ టక్ మనే శబ్దం క్రమబద్ధంగా వినిపించడం, దస్త్రం తెరవడానికి నిమిషాలు పట్టడం, పదేపదే నీలి తెర రావడం, తెరపై 'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్' అనే సందేశం కనిపించడం ముఖ్యమైన లక్షణాలు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే 'స్మార్ట్' అనే ఏర్పాటు కూడా ఉంది. కాని దానిని పూర్తిగా నమ్మరాదు. 2007లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో, విఫలమైన డిస్కులలో సగానికి పైగా నాలుగు ప్రధాన స్మార్ట్ సూచికలలో ఏ ఒక్కటీ ముందుగా చూపలేదని తేలింది.

సముద్రతీర ప్రాంతాలలో

విజయనగరం జిల్లా భోగాపురం మండలం వంటి తీరప్రాంతాలలో మరొక చిక్కు ఉంది. ముక్కాం, చేపలకంచేరు వంటి ఊళ్ళలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అందరికీ తెలిసినదే. ఆ ఉప్పు తేమ యంత్రాలనూ విడిచిపెట్టదు. డిస్కు అడుగున ఉండే సర్క్యూటు పలక మీది లోహపు స్పర్శ స్థానాలు మసకబారితే, లోపలి పళ్ళాలు బాగానే ఉన్నా డిస్కు చచ్చినట్లే కనిపించవచ్చు. కనుక లాప్‌టాప్‌ను ఆపి, డిస్కును ఒకసారి బయటికి తీసి, స్పర్శ స్థానాలను పొడి గుడ్డతో తుడిచి, తిరిగి బిగించి చూడాలి. డిస్కు పైన ఉండే చిన్న గాలి రంధ్రాన్ని మాత్రం మూయరాదు.

విద్యుత్తు సంగతి కూడా చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను తరువాత ఈ ప్రాంతంలో అనేక గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను అదే విధంగా దెబ్బతీసింది. బ్యాటరీ బాగున్న లాప్‌టాప్‌కు కరెంటు పోయినా హాని లేదు. బ్యాటరీ నీరసించి, తీగ తగిలించితేనే నడిచే స్థితికి వచ్చిన లాప్‌టాప్ మాత్రం కరెంటు పోయిన ప్రతిసారీ వ్రాత మధ్యలో ఆగిపోతుంది.

సమాచారాన్ని కాపాడుకోవడం

'అన్నీ డి డ్రైవులో పెట్టాను, భయం లేదు' అనే మాట తరచుగా వినబడుతుంది. సి, డి అనేవి ఒకే డిస్కులోని రెండు గదులు. ఇల్లు కూలితే రెండు గదులూ కూలుతాయి. వ్యవస్థను మళ్ళీ స్థాపించేటప్పుడు డి డ్రైవు ఉపయోగపడుతుంది గాని, డిస్కే పోయినపుడు కాదు.

శబ్దం చేస్తున్న డిస్కును పదేపదే ఆన్ చేయరాదు. దానిపై 'చెక్ డిస్క్' నడపడం కూడా మంచిది కాదు. ఆ పరికరం దోషాలను సరిదిద్దే ప్రయత్నంలో బలహీనమైన డిస్కును మరింత శ్రమపెడుతుంది. పెన్ డ్రైవు నుండి నేరుగా నడిచే లినక్సుతో లాప్‌టాప్‌ను తెరచి, అత్యవసరమైన దస్త్రాలను ముందుగా వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ఉపకరణం మొదట చదవగలిగిన భాగాలన్నిటినీ తీసుకొని, చిక్కు భాగాల వద్దకు తరువాత వస్తుంది. కొత్త విండోస్ యంత్రాలలో డిస్కు బిట్‌లాకర్‌తో గూఢీకరించబడి ఉండవచ్చు. అప్పుడు 48 అంకెల పునరుద్ధరణ తాళం లేనిదే ఏమీ తెరుచుకోదు.

డిస్కును ఫ్రీజరులో పెడితే బాగవుతుందని ఒక ప్రచారం ఉంది. తేమ గాలి గల కోస్తాలో, బయటికి తీసిన మరుక్షణమే దానిపై నీటి బిందువులు చేరతాయి. ఈ ప్రయోగానికి దూరంగా ఉండాలి.

అమర్చడం

కొత్తది కొనే ముందు పాతదాని రకం చూడాలి. 2000ల మధ్యకాలం వరకు వచ్చిన లాప్‌టాప్‌లలో 44 సూదుల ఐడీఈ డిస్కులు, తరువాతి వాటిలో సాటా డిస్కులు ఉంటాయి. ఈ రెండూ ఒకదాని చోట మరొకటి పట్టవు. ఇటీవలి పలుచని నమూనాలలో ఎం.2 రకం పలక మాత్రమే ఉంటుంది. మందం 9.5 లేక 7 మిల్లీమీటర్లు అన్నది కూడా గమనించాలి. సాటా లాప్‌టాప్‌కు కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ కొనడమే నేడు తెలివైన పని. 500 గిగాబైట్లని కొన్నది విండోస్‌లో 465గా కనిపిస్తే మోసపోయామనుకోనక్కరలేదు. తయారీదారు వెయ్యితో లెక్కించినదానిని విండోస్ 1024తో లెక్కిస్తుంది.

లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జరు తీసి, బ్యాటరీని వేరు చేసి, ఏదైనా లోహపు వస్తువును తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకొని పని మొదలుపెట్టాలి. పాత డిస్కుకు ఉన్న లోహపు చట్రాన్ని విప్పి కొత్తదానికి బిగించాలి. ఏ మర ఎక్కడిదో కాగితంపై బొమ్మ గీసి, అక్కడే అంటించి ఉంచుకుంటే చివరలో ఒక మర మిగిలిపోదు.

వ్యవస్థ స్థాపన

ఒకప్పుడు లాప్‌టాప్‌తో సీడీలు ఇచ్చేవారు. తరువాత తయారీదారులు పునరుద్ధరణ భాగాన్ని హార్డు డిస్కులోనే దాచడం మొదలుపెట్టారు. డిస్కు పోతే ఔషధమూ దానితోనే పోతుంది! కనుక లాప్‌టాప్ బాగున్నపుడే పునరుద్ధరణ పెన్ డ్రైవు తయారుచేసుకోవాలి. లేనిచో మరొక కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ సైటు నుండి 8 గిగాబైట్ల పెన్ డ్రైవులోకి దింపుకోవచ్చు. విండోస్ 10, 11లలో డిజిటల్ అనుమతి మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. అందువలన డిస్కు మార్చినంత మాత్రాన సాధారణంగా కొత్త అనుమతి కొననక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 పాత యంత్రాలలో చాలావాటికి లేదు. అటువంటివాటికి ఉబుంటు, డెబియన్ వంటి లినక్సు పంపిణీలు అనువైనవి.

తెలుగు దస్త్రాలు

స్థాపన పూర్తయ్యాక తెలుగువారికి మరొక పని మిగులుతుంది. యూనికోడులో వ్రాసిన దస్త్రాలు విండోస్‌లో గౌతమి, నిర్మల వంటి ఖతులతోను, లినక్సులో లోహిత్ తెలుగు, పోతన వంటివాటితోను వెంటనే కనిపిస్తాయి. అను వంటి యూనికోడేతర ఖతులతో టైపు చేసినవి అలా కాదు. దస్త్రం భద్రంగా ఉన్నా, ఖతి లేకపోతే తెరపై అర్థంలేని రోమను అక్షరాలు వరుసగా కనిపిస్తాయి. 2000లకు ముందు, ఆ దశకంలోను టైపు చేయించుకున్న ఊరి చరిత్రలు, వంశవృక్షాలు, పాఠశాల సంచికలు అనేకం ఈ రూపంలోనే ఉన్నాయి. ఇది చూసి దస్త్రం పాడైందనుకొని తొలగించినవారూ ఉన్నారు. కనుక పాత డిస్కు నుండి దస్త్రాలతో పాటు ఖతుల సంచయాన్ని కూడా నకలు చేసుకొని, ఆ తరువాత తీరికగా యూనికోడులోకి మార్చుకోవాలి.

పాత డిస్కు

భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిర్వహణ నియమావళి ప్రకారం ఇటువంటివాటిని నమోదిత సంస్థలకు అప్పగించాలి. పాత సామాన్లవారికి ఇవ్వరాదు. దస్త్రాన్ని తొలగించినంత మాత్రాన అది చెరిగిపోదు కనుక, డిస్కు పనిచేస్తూ ఉంటే ముందు దానినంతటినీ సున్నాలతో నింపే ఉపకరణాన్ని నడపాలి. పనిచేయనిదానిని సుత్తితో పగలగొట్టదలచినవారు మందపాటి గుడ్డలో చుట్టి, కంటికి అద్దాలు పెట్టుకొని ఆ పని చేయాలి. 2.5 అంగుళాల డిస్కులలో చాలావాటి పళ్ళాలు గాజువి.