రక్షకభటుల పంపకము: చిక్కబళ్ళాపురము సీమ

ప్రభుత్వము ప్రజలకు పంచియిచ్చు బియ్యమును గూర్చియు, నీటిని గూర్చియు, విద్యుచ్ఛక్తిని గూర్చియు శాసనసభలయందును పత్రికలయందును నిత్యము వాదములు జరుగుచుండును. వానివలెనే చాలీచాలక, వానివలెనే న్యాయమైన పంపకమును కోరునది మరియొకటి కలదు. అది రక్షణము. ఏ ఠాణాకు ఎందరు కానిస్టేబులు లుండవలెను, ఏ దారిని ఏ వేళ గస్తీ తిరుగవలెను, ఉన్న యొక్క బండి రాత్రి ఏ యూర నిలువవలెను అను ప్రశ్నలను పోలీసు కచేరీల లోపలి వ్యవహారముగా నెంచుట వాడుకయైనది. కాని ఆ లెక్కలలో మనుష్యుల ప్రాణము లిమిడియున్నవి.

బెంగుళూరునకు ఉత్తరమున, 2007వ సంవత్సరమున కోలారు జిల్లానుండి విడదీయబడిన చిక్కబళ్ళాపురము జిల్లాను ఇందుకు నిదర్శనముగా తీసికొందము. 2011 జనాభా లెక్కల ప్రకార మందు పన్నెండున్నర లక్షల జనము గలరు. బాగేపల్లి తాలూకా ఆంధ్రప్రదేశపు పొలిమేరకు ఆనుకొనియున్నది. చింతామణినుండి దారి మదనపల్లెకు పోవుచున్నది. ఈ రెండు తాలూకాలలోను తెలుగు అసంఖ్యాకులకు ఇంటిభాష. ఇవి రెండును జిల్లా కేంద్రమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నవి. రాజధానియందు వృత్తులు సాగించుకొను మన తెలుగు న్యాయవాదులలోను, వైద్యులలోను, ఇంజనీర్లలోను ఈ సీమను పుట్టినయూరుగా గలవారు పలువురు. తక్కిన వారి కిది హైదరాబాదు త్రోవలో కారు కిటికీనుండి కనబడు కొండలవరుస మాత్రమే.

మన రాజ్యాంగము పోలీసుశాఖను రాష్ట్రముల కప్పగించినది. ఠాణాలు ఎట్లుండవలెనో 1977లో నియమింపబడిన జాతీయ పోలీసు కమిషను కొన్ని కొలతలు సూచించినది. గ్రామప్రాంతమున ఒక ఠాణా పరిధి సుమారు 150 చదరపు కిలోమీటర్లు ఉండవలెననియు, ఏటా 700 నేరములకు మించి నమోదగుచోట మరియొక ఠాణా వలయుననియు ఆ కమిషను తలచినది. కొలతలు మంచివే. వానిని నింపుటకు మనుష్యులేరీ? 2020 జనవరి 1 నాటికి దేశమున లక్ష జనాభాకు మంజూరైన పోలీసువారు 195 మంది కాగా, నిజముగా పనిలోనున్నవారు 156 మందికి మించలేదు.

ఈ కొరత కాగితముమీద కనబడుదానికంటె పెద్దది. వారమునకు 168 గంటలు. ఒక మనుష్యుడు వారమునకు 48 గంటలు పనిచేసినచో, ఒక స్థానమున ఎల్లవేళల ఒకడుండుటకు మూడున్నరమంది కావలెను. సెలవులు, శిక్షణము, కోర్టు సాక్ష్యము, జబ్బు, ఇవన్నియు కలిపినచో నలుగురైదుగురు పట్టుదురు. ఒక గస్తీబండిలో డ్రైవరుతో కూడ ముగ్గురుండవలెనన్న, ఆ యొక్క బండికే పండ్రెండుమందినుండి పదునైదుమంది వరకు చెల్లుదురు. ఇక ఠాణా కాపలా, సమనుల జారీ, ఖైదీల తరలింపు, కంప్యూటరులో ఫిర్యాదుల నమోదు, మంత్రుల రాకపోకల బందోబస్తు తీరిన పిమ్మట, బీటు పుస్తకము చేతబట్టుకొని ఊళ్ళు తిరుగుటకు మిగులువాడెవడు?

కొరతయున్నచోట పంపకము వివేకముతో జరుగవలెను. కాని పంపకము తరచుగా పాతపద్ధతిని విడువదు. పొరుగుననున్న కోలారు జిల్లానే చూడుడు. బంగారు గనుల పట్టణమునకు ప్రత్యేకముగా ఒక పోలీసు జిల్లాయు, దానికొక సూపరింటెండెంటును ఏర్పడియుండిరి. ఆ గనులు 2001లో మూతపడినవి. గనులు పోయిన ఎన్నో ఏండ్లకు సైతము ఆ పోలీసు జిల్లా నిలిచియే యున్నది. ఆ పట్టణపువారికి రక్షణ మక్కరలేదని మా భావము కాదు. ఒకసారి ఒకచోట పాతుకొనిన బలగమును అవసరము మారినప్పుడు కదల్చుట ఎంత కష్టమో దీనివలన తెలియగలదు.

ఇంతకంటె లోతైన దోషము మరియొకటి కలదు. బలగమును పంచుటకు అధికారులు మొట్టమొదట చూచునది నేరముల రిజిష్టరు. ఎక్కువ ఫిర్యాదులు వచ్చినచోట ఎక్కువమంది యుండవలెననుట వినుటకు న్యాయముగనే యుండును. కాని రిజిష్టరు కొలుచునది ప్రమాదమును గాదు. ఠాణా మెట్లెక్కి నోరువిప్పగల ధైర్యమును అది కొలుచును. భయపడి ఊరకుండు గ్రామము ఆ పుస్తకమున శాంతియుతమైన గ్రామముగా కనబడును.

చింతామణి తాలూకాలోని కంబాలపల్లి పేరు మరువరానిది. 2000వ సంవత్సరము మార్చి 11న అచట ఏడుగురు దళితులు ఇండ్లలోనే సజీవముగా దహింపబడిరి. ఆ వైరము ఆ దినమున పుట్టినది కాదు. పూర్వమునుండియు అది హత్యలతో కూడి నడచుచుండినది. 2006లో సెషన్సు కోర్టు ముద్దాయిల నందరిని విడుదల చేసినది. 2014లో హైకోర్టు ఆ తీర్పును ఖాయపరచినది. సాక్షులు ప్రాసిక్యూషనుకు ఎదురుతిరిగియుండిరి. సాక్ష్యము లేనిది శిక్ష విధింపుమని న్యాయస్థానము నడుగుటకు వీలులేదు. కాని ఎదురింటివాని కన్నులయెదుట ఏండ్లతరబడి బ్రదుకవలసిన సాక్షి ఏ ధైర్యముతో బోనెక్కును? వారమునకొకసారియైనను ఆ వీధిలో నడచి, పేరుపెట్టి పలుకరించు కానిస్టేబులు లేనిచోట సాక్షికి రక్షణమను మాట కాగితమునకే పరిమితము.

గస్తీనిగూర్చి అమెరికావారు చేసిన ప్రయోగములు కొన్ని గమనింపదగినవి. 1972–73లో కాన్సాస్ సిటీయందు 15 బీట్లను మూడు పంగళ్ళుగా విభజించిరి. ఒకదానియందు నిత్యగస్తీ మానివేసిరి. ఒకదానియందు రెండుమూడింతలు చేసిరి. ఒకదానిని యథాప్రకారము విడిచిరి. నేరములలో గాని, ప్రజల భయములో గాని చెప్పదగిన భేదము కనబడలేదు. గమ్యము లేక బండి త్రిప్పుటవలన పెట్రోలు ఖర్చగునుగాని ఫలము తక్కువ యని తేలినది. పిమ్మట మినియాపొలిసు నగరమున లెక్కించి చూడగా, పోలీసులకు వచ్చిన పిలుపులలో సగము నూటికి మూడు చిరునామాలనుండియే వచ్చుచున్నట్లు కనబడెను. అట్టి చోట్లను ఎంచి కాపాడినచో మేలు కలదని అటుపిమ్మటి పరిశోధనలు చూపినవి.

ఈ పాఠమును మనవారు యథాతథముగా స్వీకరించినచో చిక్కు కలదు. పిలుపుల పటము టెలిఫోను ఎత్తువారి పటము. పట్టణపు వర్తకుడు 112కు ఫోను చేయును. కంబాలపల్లివంటి యూరిలోని కూలివాడు చేయడు. కావున పిలుపుల లెక్కతోబాటు పూర్వవైరములున్న గ్రామముల పట్టికయు, ఠాణానుండి దూరమును, రాత్రివేళ చేరుటకు పట్టు కాలమును కలిపి పంపకము చేయవలెను.

రహదారి విషయము వేరు. అచట ప్రమాదము మౌనముగా నుండదు. 2023 అక్టోబరు 26 ఉదయమున, పొగమంచులో, 44వ జాతీయ రహదారిపై బాగేపల్లి వైపునుండి వచ్చుచున్న జీపువంటి వాహనమొకటి చిక్కబళ్ళాపురము చెంత నిలిచియున్న ట్యాంకరును ఢీకొనగా 13 మంది మృతినొందిరి. ఆ స్థలము ట్రాఫిక్ పోలీసు ఠాణా సమీపమే. ఠాణా కట్టడమొక్కటియే రక్షణము కాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పు నిదర్శనము వలదు. నిలిచిన లారీని తొలగించు మనుష్యుడు, ఆ వేళకు, ఆ చోట నుండవలెను.

రాజస్థానమున తాగి వాహనము నడుపువారిని పట్టుటకై అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు పోలీసులతో కలిసి ఒక ప్రయోగము చేసిరి. ఒకేచోట స్థిరముగా వేసిన తనిఖీవలన చెప్పదగిన ఫలము కలుగలేదు. డ్రైవర్లు దానిని తెలిసికొని ప్రక్కదారిని పోయిరి. స్థలములు మార్చుచు వేసిన తనిఖీవలన రాత్రి ప్రమాదములు నూటికి 17 వంతునను, రాత్రి మరణములు 25 వంతునను తగ్గినవి. బాగేపల్లినుండి చిక్కబళ్ళాపురము వరకును, చింతామణినుండి మదనపల్లె దారిలోను ఈ పద్ధతి నవలంబించుటకు క్రొత్త కొలువులు మంజూరు కానక్కరలేదు. వారము వారము స్థలములు మార్చు పట్టిక యొకటి చాలును.

ఇక రాజధానివారముగా మన వంతు చూచికొందము. శనియాదివారములందు బెంగుళూరు కార్లు నందికొండకు బారులుతీరును. 2023 జనవరిలో ఆవిష్కృతమైన ఆదియోగి విగ్రహమువలన ఆ రద్దీ ఇనుమడించినది. మన వినోదమునకు దారి చూపు కానిస్టేబులు ఆ దినమున ఏదో యొక బీటునుండి తప్పింపబడినవాడే. విహారమును మానుమని ఎవ్వరును చెప్పరు. కాని ఆ బందోబస్తునకు జిల్లా సాయుధ రిజర్వునుండి గాని, రాజధాని బలగమునుండి గాని మనుష్యులను పంపవలెనే తప్ప, గ్రామపు ఠాణాలను ఖాళీచేయరాదు.

భాషయు బలగములో భాగమే. ఠాణా కాగితములు కన్నడమున నుండుట రాజ్యధర్మము. కాని బాగేపల్లి పల్లెలోని ముసలవ్వ తన గోడును తెలుగుననే చెప్పుకొనును. ఆమె మాట నేరుగా గ్రహింపగల కానిస్టేబు లొకడు ఆ బీటున నున్నచో, మధ్యవర్తియైన ఊరిపెద్ద దుబాసీగా నుండవలసిన పనిలేదు. ఆ పెద్దమీదనే ఫిర్యాదైనప్పుడు ఈ భేదము ప్రాణసమానము. అట్టి కానిస్టేబును త్వరత్వరగా బదిలీ చేయరాదు. రాజస్థానముననే 2005–08 మధ్య జరిగిన మరియొక ప్రయోగమున, బదిలీలను నిలిపి శిక్షణ మిచ్చినచోట బాధితుల తృప్తి పెరిగినట్లు కనబడినది. ఇందుకు రాష్ట్రముల పొలిమేర అడ్డురానక్కరలేదు. 2024 జూలై 1నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత ననుసరించి నేర మెచట జరిగినను ఏ ఠాణాయందైనను ఫిర్యాదు స్వీకరింపవలసినదే.

ఫిర్యాదులు లేని యూరికి మనుష్యులను పంపినచో పట్టణము నగ్నమగునని కొందరు శంకింతురు. పట్టణమును విడువుమని మేము కోరుట లేదు. అంగడివీధికి వచ్చిన దొంగను పదిమంది చూతురు; ఒంటరి కాలనీపై చీకటిలో పడు గుంపును చూచువారుండరు. చూచువారు లేనిచోటనే ప్రభుత్వపు కన్ను అవసరము.

కావున శాసనసభ్యులు తమ తాలూకాలలోని ప్రతి ఠాణాను గూర్చియు నాలుగు ప్రశ్నల కుత్తరమును ఏటేట సభలో కోరవలెను. మంజూరైనవారెందరు, నిజముగా బీటులోనున్న వారెందరు, మారుమూల గ్రామమునకు రాత్రి చేరుటకు ఎన్ని నిమిషములు, ఒక కానిస్టేబు ఒక బీటున ఎన్ని నెలలున్నాడు? పత్రికలకు వ్రాయుటకును, సభ్యులను అడుగుటకును విద్యయు తీరికయు గలవారు రాజధానియందలి తెలుగువారిలో కొదువలేరు. నోరులేని గ్రామము లడుగజాలవు గనుక, ఈ ప్రశ్నలు వారే అడుగవలెను.