రెండు కన్నుల కొలత

కీర్తిశేషులైన మా పూర్వ శాఖాధ్యక్షులవారి ఇంట ఒక రేకుపెట్టె ఉన్నది. సంగారెడ్డికి చేరువనే ఉన్న కల్పగూరు కాశీవిశ్వేశ్వరాలయపు రంగుల పారదర్శక చిత్రాలు అందులో జతలు జతలుగా ఇరువది యేండ్లుగా చూచేవారు లేక పడి ఉండినవి. వెలుతురుకెత్తి చూస్తే ఒక్కొక్క జతలో రెండూ ఒకే తీరు. ఒకటి చాలదా, రెండెందుకని వారి ఇంటివారే పలుమార్లు అడిగినారు.

మన కన్నులు ఒకే స్తంభాన్ని రెండు తావులనుండి చూచును. ఆ చూపులలోని స్వల్పభేదాన్నే మనస్సు లోతుగా గ్రహించును. 1838లో ఇంగ్లండున వీట్‌స్టన్ అనే శాస్త్రజ్ఞుడు రెండు అద్దాల యంత్రంతో ఈ సంగతిని నిరూపించినాడు. ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడియైనది ఆ మరుసటి యేడు. అందుచేత పాపమాయన గీసిన బొమ్మలతోనే పని నడుపుకొన్నాడు. 1849లో బ్రూస్టర్ అద్దాలకు బదులు కటకాలు అమర్చినాడు. ఈ యంత్రానికి స్టీరియోస్కోపని పేరు. గ్రీకున స్టీరియోస్ అంటే ఘనము. కనుక తెలుగున 'ఘనదర్శిని' అంటే చాలునని నా మనవి. నచ్చనివారు స్టీరియోస్కోపనే అనవచ్చును.

మా పెద్దలవారి కెమెరా లెనిన్‌గ్రాడులో తయారైన స్పుత్నిక్. దానికి కన్నులు మూడు: రెండు చిత్రం తీయుటకు, ఒకటి గురి చూచుటకు. వాడునది 120 ఫిలిము; ఒక్కొక్క చిత్రం సుమారు 56 మిల్లీమీటర్ల చదరం. ఇచ్చట ఒక చిత్రమైన పొంతన ఉన్నది. మనుష్యుల కనుపాపల నడిమి దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఈ చిత్రాలు రెండూ ప్రక్కప్రక్కన పెడితే ఒక్కొక్కటి ఒక్కొక్క కంటికి సూటిగా అమరి, నడుమ చిన్న ఎడం మాత్రమే మిగులును. చిత్రం ఇంకా వెడల్పైతే కన్నులు చాలవు. విమానంనుండి తీసే సర్వే చిత్రాలు 23 సెంటీమీటర్ల చదరం. వాటికి మళ్లీ వీట్‌స్టన్ అద్దాలే శరణ్యం. కంప్యూటరు తెరలు రాకపూర్వం హైదరాబాదున సర్వే శాఖవారూ, దూరగ్రాహక సంస్థవారూ అట్టి అద్దాల దర్శినులపై వంగియే గుట్టల యెత్తూ వాగుల పల్లమూ గుర్తించెడివారు. పిల్లలాడుకొన్న వ్యూమాస్టరు దీనికి విపర్యయం; దాని బిళ్లలోని చిత్రం గోరంత. మన 120 చిత్రపు వైశాల్యం దానికి 20 రెట్లకు మించును.

కెమెరాతో వచ్చిన దర్శిని ఏనాడో పగిలిపోయినది. నేను చేయించబూనినాను. నియమం ఒక్కటే: చిత్రం తీసిన కటకపు నాభ్యంతరం ఎంతో, చూచే కటకానిది ఇంచుమించు అంత ఉండవలెను. స్పుత్నిక్‌కు అది 75 మిల్లీమీటర్లు. అప్పుడే స్తంభం ఉన్నంతగా కనబడును. కిరణాలు సమాంతరంగా వెలువడుటచేత కన్నులు దూరపు గుట్టను చూచునంత సుఖంగా చూచును. తొలుత బజారులో దొరికిన ఒంటిగాజు భూతద్దాలు కొని పెట్టినాను. అంచుల వెంట నీలి, ఎర్ర చారలు కమ్మినవి. రెండు జాతుల గాజును అంటించిన జంట కటకాలు తెప్పించిన పిమ్మట అవి తొలగినవి. గొట్టాలు పటాన్‌చెరు షెడ్డులో ఒక లేతు పనివాడు తిప్పి ఇచ్చినాడు. పెట్టె మా వడ్రంగిది. వెనుక వెలుగు సమంగా పరచుటకు బోర్డులు వ్రాసే దుకాణపు పాలరంగు ఆక్రిలిక్ రేకు అమరినది.

తీరా చూస్తే స్తంభాలన్నీ లోనికి గుంటలు పడి ఉన్నవి! వెనుక గోడ ముందుకు వచ్చి కూర్చున్నది. ఫిలిము కడిగిన దుకాణంలో ఎవరో చుట్టను ముక్కలు కోసి వరుస కలిపివేసినారు. ఏది ఎడమ, ఏది కుడి? బొటనవ్రేలు ముందు నిలిపి ఒక్కొక్క కన్నే మూసి చూచిన యెడల ఉపాయం తోచును. ఎడమకంటికి వ్రేలు కుడికి జరిగినట్లుండును. అట్లే, ముందరి స్తంభం వెనుక గోడమీద ఏ చిత్రాన కుడికి జరిగియున్నదో అది ఎడమకంటిది. అన్ని జతలూ ఇట్లు సరిచూచి చట్రాలలో బిగించుటకు రెండు వేసవులు పట్టినవి. అంత ఆలస్యం చేయవలసింది కాదు.

దర్శిని తీసికొని వెళ్లినప్పుడు అమ్మగారు కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆ యేడే వారి ఎడమకంటి చూపు పూర్తిగా పోయినదని నాకు అప్పుడు తెలిసినది. ఒక కంటికి రెండవ చిత్రం ఉన్నా లేకున్నా ఒకటే. నేనేమీ చెప్పలేదు. అమ్మగారు పెట్టెను వెలుతురుకెత్తి కుడికన్ను ఆనించి చాలాసేపు చూచినారు.

"స్తంభం పక్క నీడున్నది చూసినవా? అది సారుదే," అన్నారు.

నేను రెండేండ్లు ఆ చిత్రాన్ని చూచినాను, నీడను చూడలేదు.

"ఇంకోటి పెట్టు, బిడ్డా."